రోగి తిడితే ఏం చేయాలి?
అంబులెన్సు సిబ్బందికీ, వారి వెనుక నిలిచే దాతలకూ ఒక పాఠం

అంబులెన్సు కోసం విరాళం ఇచ్చేవారు సాధారణంగా మూడు ప్రశ్నలు అడుగుతారు. బండి ఎంతవుతుంది? ఆక్సిజన్ ఉంటుందా? ఫోను చేస్తే ఎంతసేపట్లో వస్తుంది? మూడూ మంచి ప్రశ్నలే. నాలుగోది మాత్రం అరుదుగా వినిపిస్తుంది. ఆ బండిలో వెళ్లిన మనిషిని రోగి బూతులు తిడితే, చెయ్యి చేసుకుంటే, అతడు ఏం చేయాలి? అది అతనికి ఎవరు నేర్పారు? ఆ రోజు అతని పక్కన ఎవరు నిలబడతారు?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 సేవ 2005 ఆగస్టు 15న మొదలైంది. అంతకు ముందు అంబులెన్సు అంటే మనకు రోగిని మోసుకెళ్లే బండి. 108 వచ్చాక అందులో చికిత్స మొదలుపెట్టే ఈఎంటీ, బండి నడిపే పైలట్, ఫోనులో సలహా చెప్పే వైద్యుడు ఉండాలని అందరికీ తెలిసింది. స్వచ్ఛంద సంస్థలు నడిపే బండ్లలో అంతమంది ఉండరు. చాలాచోట్ల ఇద్దరు, కొన్నిచోట్ల డ్రైవరు ఒక్కడే. ఆసుపత్రిలో రోగి తిరగబడితే పిలవడానికి నర్సులున్నారు, వార్డు బాయ్‌లున్నారు, సెక్యూరిటీ గార్డున్నాడు. కదిలే బండిలో మూసిన తలుపుల మధ్య సహాయకుడు ఒంటరివాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఆరోగ్య సిబ్బందిలో 8 నుంచి 38 శాతం మంది ఉద్యోగ జీవితంలో ఎప్పుడో ఒకసారి శారీరక దాడికి గురవుతున్నారు. తిట్లు, బెదిరింపులు పడేవారు ఇంకా ఎక్కువ.

ఈ పాఠం సారాంశం ఇది. రోగి తిట్టును ముందుగా రోగలక్షణంగా పరీక్షించాలి, ఆ తర్వాతే ప్రవర్తనగా చూడాలి. అయితే దెబ్బలు తినడం సేవలో భాగం కాదు. ఈ రెండూ ఒకేసారి పాటించడం ఒక్క మనిషి ఓర్పుతో అయ్యే పని కాదు. దానికి శిక్షణ కావాలి, పరికరాలు కావాలి, వెనకేసుకొచ్చే సంస్థ కావాలి.

1. తిట్టు వెనుక ఏముంది?

మెదడుకు చక్కెర, ఆక్సిజన్ క్షణం క్షణం అందుతూ ఉండాలి. వీటిలో ఏది తగ్గినా మనిషి ముందుగా పోగొట్టుకునేది వివేకం. మనకు అది కోపంగా, మొండితనంగా, బూతులుగా కనిపిస్తుంది. అందుకే అనుభవమున్న ఈఎంటీ తిట్టే రోగిని చూడగానే కొన్ని విషయాలు మనసులో వరుసగా అడుగుకుంటాడు.

షుగర్ పడిపోయిందా? రక్తంలో చక్కెర డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే చెమటలు, వణుకు, ఆందోళన మొదలవుతాయి. ఇంకా తగ్గితే మాట తడబడుతుంది, మనిషి గొడవకు దిగుతాడు, చివరికి స్పృహ తప్పుతాడు.

ఆక్సిజన్ తగ్గిందా? ఆయాసంతో ఉన్న రోగి ముఖానికి పెట్టిన మాస్కు లాగి పారేసి తిడుతున్నాడంటే చాలాసార్లు కారణం పొగరు కాదు, ఊపిరాడకపోవడం.

తలకు దెబ్బ తగిలిందా? మద్యం వాసన వస్తున్నంత మాత్రాన మత్తే కారణమని తేల్చేయకూడదు. తాగి బండి మీద నుంచి పడినవాడి తలలో రక్తస్రావం కూడా ఉండవచ్చు. ఒక కారణం కనిపించింది కదా అని రెండో దాన్ని వెతకడం మానేస్తే ప్రాణం పోతుంది.

తాగడం ఆపేశాడా? రోజూ తాగేవాడు హఠాత్తుగా మానేస్తే కొన్ని గంటల్లోనే వణుకు మొదలవుతుంది. రెండు మూడు రోజులు గడిచాక లేనివి కనిపించడం, భయంతో ఎదురు తిరగడం జరగవచ్చు. ఇది ప్రాణాంతకమైన స్థితి.

ఇవి కాక తీవ్ర జ్వరం, ఇన్‌ఫెక్షన్, పక్షవాతం, ఫిట్స్ వచ్చి తగ్గిన వెంటనే కలిగే అయోమయం, వృద్ధుల్లో సోడియం తగ్గడం ఉన్నాయి. పురుగుల మందు తాగిన రోగికి విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ మోతాదు ఎక్కువైనా మనిషి కలవరపడి పెనుగులాడతాడు. మానసిక వ్యాధి ఉన్నవారు కూడా ఉంటారు. వారికి సిబ్బంది మీద పగ లేదు, లోపల భయం ఉంది.

రంజాన్ నెలలో మన ఇళ్లలో జరగగల ఒక సందర్భం తీసుకుందాం. అరవై ఏళ్ల పెద్దాయన షుగర్ మాత్రలు వేసుకుంటూ రోజా ఉన్నారు. ఇఫ్తార్‌కు ఇంకా గంట ఉందనగా కోడలి మీద కేకలు వేశారు, చేతిలోని గ్లాసు విసిరేశారు. ఇంట్లోవాళ్లు "రోజా వల్ల చిరాకు, కాసేపు వదిలేయండి" అనుకున్నారు. పిలిస్తే వచ్చిన అంబులెన్సు కుర్రాణ్ణి కూడా ఆయన నోటికొచ్చినట్టు తిట్టారు. ఆ కుర్రాడు మాటకు మాట అంటే అరగంట గడిచిపోతుంది. వేలికి సూది గుచ్చి షుగర్ చూస్తే నిమిషంలో సంగతి తేలుతుంది. మింగగలిగే స్థితిలో ఉంటే 15 గ్రాముల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, నరం ద్వారా డెక్స్‌ట్రోజ్ ఇవ్వాలి. గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు వాడేవారిలో తేరుకున్నాక కూడా షుగర్ మళ్లీ పడిపోవచ్చు కాబట్టి ఆసుపత్రికి తీసుకెళ్లే తీరాలి. ఇలాంటి పెద్దాయన తేరుకున్నాక ఏం అన్నారో ఆయనకే గుర్తుండకపోవచ్చు. ఆ తిట్లను సిబ్బంది మనసులో పెట్టుకోవడంలో అర్థం లేదు.

2. ముందు తన భద్రత

గాయపడిన సహాయకుడు రోగికి సాయం చేయలేడు. అందుకే అత్యవసర సేవలో మొదటి నియమం పరిసరాలు చూసుకోవడం. గదిలో కత్తి, కర్ర, సీసా ఉన్నాయా? ఎంతమంది ఉన్నారు? బయటికి దారి ఎటు? తనకూ తలుపుకూ మధ్య రోగి అడ్డు రాకుండా చూసుకోవాలి. అలాగని తలుపుకు అడ్డంగా నిలబడి రోగిని గదిలో బంధించినట్టు చేయనూ కూడదు. ఎదురుగా కాకుండా కాస్త పక్కకు, రెండు చేతుల దూరంలో, అరచేతులు కనిపించేలా నిలబడాలి. మెడలో స్టెతస్కోపు, వేలాడే ఐడీ కార్డు తీసి జేబులో పెట్టుకోవాలి. అవి రోగి పట్టుకుని లాగడానికి వీలుగా ఉంటాయి.

ఆయుధం కనిపిస్తే వెనక్కి తగ్గాలి. బండిలోకి వెళ్లి తలుపులు వేసుకుని 112కు ఫోను చేయాలి, కంట్రోలు రూముకో సంస్థ పెద్దలకో చెప్పాలి. పరిస్థితి అదుపులోకి రాగానే రోగి దగ్గరికి తిరిగి రావాలి. దీన్ని పిరికితనమని గానీ, రోగిని వదిలేయడమని గానీ ఎవరూ అనకూడదు.

3. మాటతో చల్లార్చడం

మాట్లాడేది ఒక్కరే ఉండాలి. ఈఎంటీ ఒకటి, పైలట్ ఒకటి, బంధువు ఇంకొకటి చెబుతుంటే కలవరంలో ఉన్న మెదడుకు ఏదీ ఎక్కదు. గొంతు తగ్గించాలి. చిన్న వాక్యాలు చెప్పాలి. ఒకటి చెప్పాక ఆగాలి, అవసరమైతే అదే మాట మళ్లీ చెప్పాలి.

పేరు, వరుస బాగా పనిచేస్తాయి. "ఏయ్, కూర్చో" అంటే లేచి నిలబడే మనిషి "పెద్దాయనా, నా పేరు ఫలానా, మీకు సాయం చేయడానికి వచ్చాను" అంటే వింటాడు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే ముసలమ్మను తెలుగులో గద్దించడం కన్నా "ఖాలా" అని పిలిచి రెండు ముక్కలు ఆమె భాషలో చెప్పడం మేలు. ఏజెన్సీ గ్రామాల్లో అక్కడి వారి భాష తెలిసిన మనిషిని పక్కన ఉంచుకోవడమూ ఇటువంటిదే.

తిట్టుకు జవాబు ఇవ్వనక్కర్లేదు, తిట్టులోని బాధకు జవాబు ఇస్తే చాలు. "ఇప్పుడా వచ్చేది, దొంగల్లారా" అన్న రోగితో ట్రాఫిక్ గురించి వాదించడం వృథా. "చాలాసేపు నొప్పితో ఉన్నారు, కష్టమే. ఇప్పుడు నేను వచ్చాను, నొప్పి ఎక్కడో చూపించండి" అంటే పని ముందుకు సాగుతుంది. నిజమైన ఫిర్యాదు ఉంటే ఒప్పుకోవాలి. అబద్ధపు హామీ ఇవ్వకూడదు. సూది వేయబోతూ "ఏమీ చేయను" అని చెబితే ఆ తర్వాత ఏ మాటా నమ్మడు.

చిన్నదైనా ఎంచుకునే అవకాశం ఇవ్వాలి. "కూర్చుని వస్తారా, పడుకుని వస్తారా?" "బీపీ కుడి చేతికి చూడనా, ఎడమ చేతికి చూడనా?" తన ఒంటి మీద తనకు ఇంకా అధికారం ఉందని తెలిస్తే మనిషి కాస్త మెత్తబడతాడు.

4. హద్దు చెప్పడం

ఓర్పు అంటే నోరు మూసుకుని అన్నీ పడటం కాదు. హద్దును కోపం లేకుండా స్పష్టంగా చెప్పవచ్చు. "అన్నా, మీకు సాయం చేయాలనే ఉంది. చెయ్యి ఎత్తితే మాత్రం నేను దగ్గరికి రాలేను. చెయ్యి దించండి, వెంటనే బీపీ చూస్తాను." ఇందులో మూడు భాగాలున్నాయి. ఏది కుదరదు, ఏం చేస్తే కుదురుతుంది, అప్పుడు ఏం జరుగుతుంది. ఇందులో బెదిరింపు లేదు. చేయలేని పనిని హద్దుగా చెప్పకూడదు కూడా. "నడిరోడ్డు మీద దించేస్తా" అనే మాట ఎప్పుడూ అనకూడదు.

మహిళా ఈఎంటీని అసభ్యంగా మాట్లాడినా, తాకబోయినా అది ఆమె ఒక్కతే భరించాల్సిన విషయం కాదు. తోటి సిబ్బంది వెంటనే స్థానం మార్చుకోవాలి, రోగి దగ్గర పని అతడు తీసుకోవాలి. కులం పేరు, మతం పేరు ఎత్తి తిట్టడమూ జరుగుతుంది. పేరు విని, గడ్డం చూసి వైద్యం వద్దనేవారు ఉన్నారు. మన ఇళ్లలోనూ పరాయి మతం వాడని, తక్కువ కులం వాడని సిబ్బందిని చిన్నచూపు చూసేవారు ఉండవచ్చు. వీలుంటే మరొకరు చేయి వేయాలి, వీలు కాకపోతే "ఇప్పుడు ఇక్కడున్నది నేనే, నాకు ఈ పని వచ్చు" అని చెప్పి పని చేయాలి. బంధువుల నోరు అదుపులో పెట్టాల్సింది ఆ ఇంటి పెద్దలు.

5. పట్టుకోవాల్సి వస్తే

ఎంత చెప్పినా వినక, తనకో ఇతరులకో ప్రమాదం తెచ్చుకునే రోగిని కొన్నిసార్లు పట్టి ఉంచక తప్పదు. అది చివరి మార్గం. చాలినంత మంది లేకుండా దిగకూడదు. ఒక్కొక్కరు ఒక్కో చేయి, కాలు పట్టుకోవాలి. రోగిని ఎప్పుడూ బోర్లా పడుకోబెట్టి ఉంచకూడదు. వీపు మీద, ఛాతీ మీద, మెడ మీద బరువు వేయకూడదు. అలా చేస్తే ఊపిరాడక చనిపోవచ్చు. పట్టుకున్నంత సేపూ శ్వాస, నాడి, ఆక్సిజన్ చూస్తూ ఉండాలి. పెనుగులాడుతున్న మనిషి హఠాత్తుగా నిశ్శబ్దమైతే శాంతించాడని సంతోషించకుండా ముందు ఊపిరి ఉందో లేదో చూడాలి. మత్తుమందు వైద్యుడి ఆదేశం మీదే ఇవ్వాలి.

ఈ జాగ్రత్తలు తప్పితే ఏమవుతుందో చెప్పడానికి ప్రపంచమంతా చర్చించిన ఒక కేసు ఉంది. 2019 ఆగస్టులో అమెరికాలోని కొలరాడో రాష్ట్రం, అరోరా నగరంలో 23 ఏళ్ల ఎలైజా మెక్లెయిన్‌ను పోలీసులు ఆపి, మెడ పట్టు వేసి, నేలకు అదిమి ఉంచారు. తర్వాత వచ్చిన పారామెడిక్‌లు ఆయన్ను తిరగబడుతున్న మనిషిగానే చూశారు. శ్వాస, నాడి సరిగా పరీక్షించకుండానే, ఒంటి బరువుకు మించిన మోతాదులో 500 మిల్లీగ్రాముల కెటమిన్ ఇచ్చారు. గుండె ఆగింది. కొన్ని రోజులకు ఆయన చనిపోయారు. 2023 డిసెంబరులో జ్యూరీ ఆ ఇద్దరు పారామెడిక్‌లనూ దోషులుగా తేల్చింది. "గొడవ చేసేవాడు" అనే ముద్ర పడ్డాక రోగి కనిపించకుండా పోతాడని ఆ కేసు చెబుతోంది.

6. బంధువుల కోపం

మన దగ్గర తిట్లలో చాలా భాగం రోగి నుంచి కాదు, చుట్టూ ఉన్నవారి నుంచి వస్తుంది. వారి కోపం వెనుక ఎక్కువగా ఉండేది భయం. ఏం జరుగుతోందో చెబితే భయం తగ్గుతుంది. "నాడి ఉంది, ఊపిరి తీసుకుంటున్నారు, ఆక్సిజన్ పెట్టాం, ఫలానా ఆసుపత్రికి వెళుతున్నాం" అని ఒక బంధువుకు చెప్పి, మిగతావారికి చెప్పే బాధ్యత ఆ బంధువుకే ఇవ్వాలి. అరిచేవాడికి ఒక పని అప్పగించడమూ మంచి ఉపాయమే. వాడుతున్న మందుల చీటీలు తెమ్మనాలి, ఆధార్, ఆరోగ్య కార్డు తెమ్మనాలి, సందు చివర దారి చేయమనాలి.

ఇక్కడ మొహల్లా పెద్దలు చేయగలిగింది చాలా ఉంది. సందు మొదట్లో ఒకరు నిలబడి బండికి దారి చూపడం, అడ్డంగా ఉన్న మోటారు సైకిళ్లు తీయించడం, గుంపును పది అడుగులు వెనక్కి పంపడం. ఫోన్లలో వీడియో తీసేవారిని ఆపడం కూడా సాయమే.

7. వదిలి వెళ్లవచ్చా?

తిట్టాడని చికిత్స ఆపవచ్చా అని యువ సిబ్బంది అడుగుతారు. ప్రాణాపాయంలో ఉన్న వ్యక్తికి వైద్యం నిరాకరించకూడదని 1989లో పర్మానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. తిట్టు ఆ బాధ్యతను రద్దు చేయదు. భద్రత కోసం కాసేపు దూరం జరగవచ్చు, పోలీసుల సాయంతో తిరిగి రావాలి.

"నాకు మీ వైద్యం వద్దు, పొండి" అని రోగే అంటే? అప్పుడు చూడాల్సింది అతడు నిర్ణయం తీసుకోగల స్థితిలో ఉన్నాడా అన్నది. చెప్పింది అర్థం చేసుకుంటున్నాడా, గుర్తు పెట్టుకుంటున్నాడా, రాకపోతే ఏమవుతుందో బేరీజు వేయగలడా, తన నిర్ణయం స్పష్టంగా చెప్పగలడా? ఇవన్నీ ఉంటే, కటువుగా మాట్లాడినా, ఆ హక్కు అతనిదే. ప్రమాదం వివరించి, సంతకం తీసుకుని, మళ్లీ పిలవవచ్చని చెప్పి రావాలి. షుగర్ పడిపోయి, తలకు దెబ్బ తగిలి "పొండి" అంటున్నవాడి మాట అటువంటిది కాదు. అనుమానం ఉంటే ఫోనులో వైద్యుణ్ణి అడగాలి.

8. రాసే మాట

ఆసుపత్రిలో అప్పగించేటప్పుడు రాసే నాలుగు మాటలు రోగి వెంటే నడుస్తాయి. "తాగుబోతు, గొడవ చేస్తున్నాడు" అని రాస్తే తర్వాత చూసేవారూ అదే కళ్లతో చూస్తారు. "మాట తడబడుతోంది, మద్యం వాసన ఉంది, కుడి కణత మీద వాపు ఉంది, షుగర్ ఇంత, ఆక్సిజన్ ఇంత, రాత్రి 9.40కి చేతితో కొట్టబోయాడు" అని రాస్తే వైద్యుడు సరైన పరీక్ష చేస్తాడు. రేపు కేసు అయినా ఆ కాగితమే సాక్ష్యం. చూసింది, విన్నది, కొలిచింది రాయాలి. తీర్పు రాయకూడదు.

9. దాతల వంతు

దాత సోదర సోదరీమణులారా, ఇక మన వైపు చూద్దాం. 2008లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వైద్య సిబ్బంది మీద, వైద్య సంస్థల మీద దాడులను నిరోధించే చట్టం తెచ్చింది. దాని ప్రకారం దాడి చేసినవారికి 3 సంవత్సరాల వరకు జైలు, 50 వేల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. పాడు చేసిన ఆస్తికి పరిహారం కూడా కట్టాలి. చట్టం ఉండటం ఒక ఎత్తు, ఫిర్యాదు చేయడం ఇంకో ఎత్తు. నెలకు కొద్దిపాటి జీతం తీసుకునే కుర్రాడు ఒంటరిగా పోలీసు స్టేషను మెట్లెక్కలేడు. 2024 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం తన ఆసుపత్రులకు ఇచ్చిన ఆదేశంలో, సిబ్బందిపై దాడి జరిగితే 6 గంటల్లోగా సంస్థ తరఫున ఎఫ్ఐఆర్ నమోదయ్యేలా చూసే బాధ్యత సంస్థ అధిపతిదేనని చెప్పింది. చిన్న సంస్థలకూ ఇది పాటించదగ్గ పద్ధతి.

కష్టమైన సందర్భం వేరే ఉంది. కొట్టినవాడు పరాయివాడైతే కమిటీకి ఇబ్బంది లేదు. అతడు మన చందాదారుడి తమ్ముడో, మొహల్లా పెద్దమనిషి కొడుకో అయితే? అప్పుడు "పోనీలే, మనవాళ్లే కదా" అని కుర్రాడి చేత రాజీ కాగితం మీద సంతకం పెట్టించాలనిపిస్తుంది. ఆ సంతకంతో కమిటీకి ఒక చందా మిగలవచ్చు, ఒక మంచి పనివాడు మాత్రం పోతాడు. క్షమించాలా వద్దా అన్నది దెబ్బ తిన్నవాడి హక్కు. అతని తరఫున మనం క్షమించలేం. రోగి అనారోగ్యంతో చేసిన పనికీ, ఆరోగ్యంగా ఉన్న బంధువు అహంకారంతో చేసిన పనికీ తేడా చూడాలి. మొదటిదానికి వైద్యం, రెండోదానికి చట్టం.

దాడి జరిగిన రోజు ఆ సిబ్బందికి తర్వాతి కాల్ వెంటనే ఇవ్వకూడదు. మనసులో మిగిలిన కోపం తనను ఏమీ అనని రోగి మీద పడుతుంది. కాసేపు కూర్చోబెట్టి, టీ ఇచ్చి, జరిగింది చెప్పనివ్వాలి. గాయమైతే చికిత్స ఖర్చు, సెలవు రోజుల జీతం సంస్థే భరించాలి. నిద్ర పట్టకపోయినా, భయం వదలకపోయినా ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేయమని చెప్పాలి.

ఈ ఏడాది అంబులెన్సు పద్దు మీద చర్చ జరిగినప్పుడు ఈ ప్రశ్నలు కూడా అడగమని మనవి.

ప్రతి బండిలో పనిచేసే గ్లూకోమీటరు, గడువు తీరని స్ట్రిప్పులు, పల్స్ ఆక్సీమీటరు ఉన్నాయా?

రాత్రి కాల్‌కు కనీసం ఇద్దరు వెళుతున్నారా?

కోపంతో ఉన్న రోగితో ఎలా మాట్లాడాలో, ప్రమాదం లేకుండా ఎలా పట్టుకోవాలో సిబ్బందికి సంవత్సరంలో ఒకసారైనా అభ్యాసం చేయించామా?

దాడి జరిగితే స్టేషనుకు వెంట వెళ్లే కమిటీ సభ్యుడు ఎవరు? ఆయన ఫోను నంబరు బండిలో రాసి ఉందా?

కొట్టినవాడు మన బంధువైనా ఇదే పద్ధతి పాటిస్తామని తీర్మానం రాసుకున్నామా?

బండి కొన్న రోజున దాని మీద దాతల పేర్లు రాస్తారు. ఆ బండిలో ఎక్కే మనిషి రాత్రి రెండు గంటలకు తెలియని ఇంటి తలుపు తడుతున్నప్పుడు ఈ ప్రశ్నలకు మన దగ్గర జవాబులు ఉంటే, అతడు తిట్టే రోగి పక్కన కూడా కాస్త ధైర్యంగా కూర్చోగలడు.